వెలగని కూలెంట్ లైటు

యూనివర్సిటీ ట్రాన్స్‌పోర్టు షెడ్డులో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఆ మధ్య షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు తార్నాక చౌరస్తాలో కనపడి, "సార్, ఆ పెద్ద ఫారిన్ బండిని మీరొక్కరే ఏళ్ళ తరబడి నడిపించిండ్రంట కదా, జర చెప్పండి" అని అడిగారు. మురిసిపోయి ఏదో చెప్పి పంపేశాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. వాళ్ళు విన్నది సగం కథ. ఆ సగాన్ని షెడ్డులో ప్రచారం చేసింది నేనే. రెండో సగం ఇప్పుడు రాస్తున్నాను. స్పానర్ పట్టుకుని బతకబోయేవాళ్ళు చదవాలని రాస్తున్నాను. చదివాక నా మీద గౌరవం మిగలకపోతే అది న్యాయమే.

ఏదో విదేశీ యూనివర్సిటీవాళ్ళు మన జియాలజీ డిపార్టుమెంటుతో కలిసి కొన్నేళ్ళు ఒక ప్రాజెక్టు చేశారు. ప్రాజెక్టు ముగిశాక సామాను సర్దుకుని వెళ్ళిపోతూ తాము తిరిగిన బండిని మనకు వదిలి వెళ్ళారు. నాలుగు చక్రాలకూ ఇంజన్ పట్టు ఉండే పెద్ద బండి. ముదురాకుపచ్చ రంగు. లోపల తోలు సీట్లు, డ్యాష్‌బోర్డు మీద నిజమైన చెక్క, ముందు సీట్ల మధ్య నీళ్ళ సీసాలు చల్లగా ఉంచే పెట్టె. అప్పటిదాకా మా షెడ్డులో ఉన్నవి బస్సులు, రెండు జీపులు, ఒక అంబులెన్సు, వీసీ గారి కారు. ఈ బండి వచ్చిన రోజు ఆఫీసు గుమాస్తాలు కూడా వచ్చి, చెప్పులు విప్పి ఎక్కి కూర్చుని దిగారు. కంపెనీ పేరు చెప్పను. జరిగినదాంట్లో తప్పు బండిది కాదు.

మా చేతికి వచ్చేసరికే దానికి పదేళ్ళు. అలాంటి బండ్లు కొత్తలో ఎంత సుఖపెడతాయో ముసలితనంలో అంత ఏడిపిస్తాయి. స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉండేవి. రాత్రంతా గాలి దిగిపోయి, పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి బండి పొట్ట నేలకు ఆనించి కూర్చుని ఉండేది. కొత్త సంచుల కోసం ముంబైలో కంపెనీవాళ్ళకు ఫోన్ చేస్తే, "ఆ మోడలు ఇంకా తిరుగుతోందా!" అని వాళ్ళే ఆశ్చర్యపోయారు. చివరికి మౌలాలిలో లారీలకు స్ప్రింగులు చేసే ఒకాయన దగ్గర పదిహేను రోజులు కూర్చుని, బరువు లెక్క కట్టించి, నాలుగు స్ప్రింగులు చేయించి బిగించాను. మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు రెండుసార్లు "దీన్ని కండెం చేసి పడేద్దామయ్యా, తలనొప్పి" అన్నాడు. రెండుసార్లూ, తుక్కుకు పోనివ్వనని నేను అడ్డుపడ్డాను. దూర ప్రయాణానికి పనికొస్తుందని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆ బండి నా గొప్ప. అది పోతే షెడ్డులో నేను అందరిలాంటి మెకానిక్‌నే.

నేను రాయలసీమవాణ్ణి. ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో స్థిరపడ్డాను. ఆ బండి నడిపే డ్రైవరు జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. నాకంటే ఏడాది చిన్న. నన్ను అన్నా అనేవాడు. నేను మా అలవాటు కొద్దీ అప్పా అనేవాణ్ణి. అడిక్‌మెట్‌లో అద్దెకుండి, తర్వాత మౌలాలిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. బండిని తన కండువాతో తుడిచేవాడు. గుడ్డ ఇస్తే వద్దనేవాడు, గుడ్డలో ఇసుక ఉంటుందట. రాజస్థాన్ నుంచి తిరిగొచ్చి, "అన్నా, మూడో గేరుల సన్నగ ఏడుస్తున్నది, జర చూడు" అంటే, నేను పది కిలోమీటర్లు నడిపినా నాకు వినపడేది కాదు. విప్పితే బేరింగు అరిగి ఉండేది. అలాంటి చెవి ఆయనది.

ఆ బండి ఎక్కువగా తిరిగింది జియాలజీ మేడంతో. రాళ్ళ కోసం దేశమంతా తిరిగే మనిషి. రాయిని నాలుకకు తాకించి దాని పేరు చెప్పేవారు. ఆమెతో ఇద్దరు ముగ్గురు రీసెర్చి పిల్లలు, ఈ డ్రైవరు. వెళ్ళేటప్పుడు సుత్తులు, సంచులు. వచ్చేటప్పుడు బండి నిండా రాళ్ళు. లడక్ రెండుసార్లు వెళ్ళొచ్చారు. ప్రతి టూరుకు ముందు రెండు రోజులు నేనూ డ్రైవరూ బండి కిందే ఉండేవాళ్ళం. బెల్టులు, పైపులు, బ్రేకులు, ఆయిళ్ళు చూసి, స్టెప్నీ గాలి కూడా చూసి, చివరికి నేను ఏం చేశానో జాబ్‌కార్డులో రాసి, ఆయన చదివి సంతకం పెట్టేవాడు. ఆ కార్డు సంగతి గుర్తుపెట్టుకోండి.

తొమ్మిదేళ్ళ కిందటి ఎండాకాలం. మేడం గుజరాత్‌లో ఉప్పు మైదానాల వైపు వెళ్ళాలి. టూరు గురువారం. ముందు గురువారమే బండిని షెడ్డులో పెట్టాను. అప్పుడు డ్రైవరు లేడు. ఊళ్ళో బోరు ఎండిపోయిందని, కొత్త బోరు వేయిస్తున్నారని సెలవు మీద వెళ్ళాడు.

ఆ బండికి ఒక పాత జబ్బు ఉంది. ఇంజన్ చల్లబరిచే నీళ్ళను మేం కూలెంట్ అంటాం. ఆ నీళ్ళుండే డబ్బాలో చిన్న తేలుడు బిళ్ళ ఉంటుంది. నీళ్ళు తగ్గితే బిళ్ళ దిగుతుంది, డ్రైవరు ముందు ఎర్ర లైటు వెలిగి బీప్ బీప్‌మని మోగుతుంది. మా బిళ్ళ పాడైంది. డబ్బా నిండా నీళ్ళున్నా మోగేది. ముందటి టూరులో దారంతా మోగి మోగి మేడంకు తలనొప్పి తెప్పించింది. ఆమె షెడ్డుకు వచ్చి చాలా మర్యాదగా, "ఆ మోత ఒక్కటి లేకుండా చూడండి, మీకు పుణ్యముంటుంది" అన్నారు. డబ్బా మొత్తం మార్చాలి. కొత్తది కావాలని రాసి పంపాను. రావడానికి నెల పడుతుందన్నారు. నేనేం చేశానంటే, ఆ బిళ్ళ నుంచి వచ్చే రెండు వైర్లను ఊడదీసి, ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాను. మోత ఆగిపోయింది. ఇక డబ్బాలో చుక్క నీళ్ళు లేకపోయినా ఆ లైటు వెలగదు.

తాత్కాలికంగా అలా చేయడం మా పనిలో కొత్త కాదు. కానీ చేస్తే డ్రైవరుకు చెప్పాలి, కార్డులో రాయాలి. ఆయన బుధవారం వస్తాడు, గురువారం ప్రయాణం, బుధవారం ఇద్దరం కూర్చున్నప్పుడు చెప్పి రాద్దామనుకున్నాను. ముందే రాసిపెడితే ఆఫీసరు కంట్లో పడి, మళ్ళీ కండెం మాట ఎత్తుతాడేమోనన్న అనుమానం కూడా లోపల ఉంది. అది ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.

ఆదివారం తార్నాకలో సెలూన్‌లో కూర్చున్నాను. మొహం నిండా నురగ. డ్రైవరు ఫోన్ చేశాడు.

"అన్నా, టూరు ముందుకొచ్చింది. ఆ బార్డరు దిక్కు తిరగనీకి పర్మిషను గీ వారమే ఇచ్చిన్రంట. రేప్పొద్దుగాలనే పోతున్నం. నేను షెడ్డుల నుంచి బండి తీస్కున్న. మంచిగున్నదా?"

"బ్రహ్మాండంగా ఉందప్పా. పోయి రా," అన్నాను.

"కార్డు మీద సంతకం?"

"వచ్చినాక పెడుదువులే."

ఫోన్ పక్కన పెట్టాను. మంగలి రెండో చెంప గీస్తున్నాడు. రెండు వైర్ల సంగతి నాకప్పుడు గుర్తుకు రాలేదు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాను. భోజనం చేశాక చేద్దామనుకున్నాను. తర్వాత, రోజూ పొద్దున బానెట్ ఎత్తి నీళ్ళు చూసుకునే మనిషి కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నిజంగానే ఆయన ఆ మూడు రోజులూ పొద్దున బానెట్ ఎత్తి నీళ్ళు చూశాడట. మేడం చెప్పారు.

మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి ఊరు దాటాక ఇంజన్ వెనకాల ఒక ప్లాస్టిక్ పైపు ముక్క పగిలింది. ముసలి బండి, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్. పైనుంచి చూస్తే కనపడని చోటు. దానికి నన్ను నేను క్షమించుకోగలను. నీళ్ళన్నీ కొద్ది నిమిషాల్లో కారిపోయాయి. లైటు వెలగలేదు. ఇంజన్ వేడి చూపించే ముల్లు ఒకటి ఉంటుంది కదా అంటారు. నీళ్ళుంటేనే ఆ ముల్లుకు వేడి తెలుస్తుంది. నీళ్ళే లేకపోతే అది మధ్యలోనే నిలబడి అంతా బాగుందని చెబుతుంది. ఈ సంగతి మెకానిక్‌లకు తెలుసు. నాకు తెలుసు. డ్రైవరు వాసన పట్టి బండి ఆపేసరికే ఇంజన్ పట్టేసింది, ఇక తిరగదు.

చుట్టూ తెల్లటి ఉప్పు నేల. ఒక్క చెట్టు లేదు. ఫోన్‌లకు సిగ్నలు లేదు. బండిలో మేడం, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఆ అమ్మాయికి అప్పటికే వాంతులు. ఉన్న నీళ్ళన్నీ వాళ్ళకు వదిలేసి, ఒక్క సీసా తీసుకుని డ్రైవరు వెనక్కి నడిచాడు. మేడం వద్దన్నారట. ఎండ తగ్గేదాకా ఆగమన్నారట. "నా బండి మేడం, నేను తీసుకొచ్చిన మిమ్ముల. నేనే పోవాలె," అన్నాడట. పన్నెండు కిలోమీటర్లు నడిచాడు. ఉప్పు లారీవాళ్ళకు రోడ్డు పక్కన పడి కనిపించాడు. స్పృహ పూర్తిగా తప్పేలోపు వెనకాల మనుషులున్నారని చేత్తో చూపించాడట. లారీవాళ్ళలో ఒకరు ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోతే, మిగతావాళ్ళు వెళ్ళి మేడంనీ పిల్లల్నీ తెచ్చారు. ఆ ముగ్గురికీ ఏమీ కాలేదు.

బండి వారం తర్వాత ట్రైలర్ మీద వచ్చింది. అందరూ చుట్టూ మూగి చూస్తున్నారు. కమిటీ వేశారని, వచ్చి పరీక్షిస్తారని, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది. భోజనాల వేళ షెడ్డు ఖాళీ అయింది. నేను బానెట్ ఎత్తాను. టేపు చుట్టిన ఆ వైర్లను విడదీసి, వాటి చోట్లో వాటిని మళ్ళీ గుచ్చాను. టేపు ముక్కను పాత ఆయిలు డ్రమ్ములో వేశాను. అంతా కలిసి రెండు నిమిషాలు పట్టలేదు. చేతులు కడుక్కుని వెళ్ళి టిఫిన్ డబ్బా విప్పాను. ఆ రోజు కూర ఏమిటో కూడా నాకు గుర్తుంది, దొండకాయ.

ఆయన్ని సికింద్రాబాద్ ఆసుపత్రికి తెచ్చాక చూడటానికి వెళ్ళాను. వడదెబ్బ మెదడును కొట్టిందన్నారు. చేతులు వణుకుతున్నాయి. గ్లాసు అందుకోబోతే గ్లాసు పక్కన గాలిని పట్టుకుంటున్నాడు. మాట ముద్దగా వస్తోంది. నన్ను గుర్తుపట్టాడు. వెంటనే అడిగిన మాట:

"అన్నా, బండి ఎట్లున్నది?"

"ఉందప్పా. నువ్వు ముందు లేచి తిరుగు."

"నాకేం యాదికొస్తలేదన్నా. రెండో దినం రాత్రి హోటల్ల రొట్టె తిన్నది యాదికున్నది. దాని తర్వాత ఈ మంచమే. నడుమ ఏం జరిగిందో ఒక్క ముక్క యాదిలేదు."

ఇప్పుడు చెప్పొచ్చు. పక్కన ఆయన భార్య తప్ప ఎవరూ లేరు. "నీ తప్పేం లేదప్పా, ఆ లైటు నేనే తీసేసినా" అంటే సరిపోతుంది. నేను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి, రేపొస్తానని చెప్పి వచ్చేశాను.

విచారణ రెండు నెలల తర్వాత అడ్మినిస్ట్రేషన్ బిల్డింగులో జరిగింది. ముగ్గురు సభ్యులు. ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ప్రొఫెసరు, ఇంకొకాయన డిప్యూటీ రిజిస్ట్రారు, మూడోవాడు మా ఆఫీసరు. బయట వరండాలో బెంచీ మీద డ్రైవరు, ఆయన భార్య కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వణుకు కనపడకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అన్నా, లోపల అందరు ఒకటే అడుగుతున్నరు. లైటు ఎలిగింది గద, నువ్వు ఎందుకు చూడలే అని. నేనేం చెప్పాలె?"

"నువ్వేం చెప్పినావు?"

"యాది లేదని చెప్పిన. గాని అన్నా, ఆలోచిస్తే నాకు గట్లనే అనిపిస్తున్నది. పోయిన టూరుల అది ఊకె మోగుతుండె. గా అలవాటుల పడి, మోగినా నేను పట్టించుకోలేదేమో. గట్లనే అయ్యుంటది. పిల్లలను చంపుదునన్నా. ఆ పోరికి ఏమన్నా అయితే ఆళ్ళ అమ్మకు నేనేం చెప్తుండె?"

ఆయన భార్య అటు తిరిగి కూర్చుంది. ప్యూను వచ్చి నన్ను పిలిచాడు.

లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పేద్దామనే ఉంది నాకు. అబద్ధం కాదు, నిజంగానే ఉంది. మెకానికల్ ప్రొఫెసరు నేను స్ప్రింగులు వేసిన పద్ధతి గురించి మెచ్చుకుంటూ మొదలుపెట్టాడు. "ఇట్లాంటి బండిని ఇన్నేళ్ళు నడిపించడం మామూలు విషయం కాదు," అన్నాడు. అక్కడే నా నోరు పడిపోయింది. తర్వాత ఆయన అడిగాడు: "కూలెంట్ లైటు పనిచేస్తుండెనా?"

"తాళం తిప్పితే అన్ని లైట్లూ వెలుగుతాయి సార్," అన్నాను.

అది నిజమే. ఏ బండికైనా తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద అన్ని లైట్లూ ఒకసారి వెలిగి ఆరిపోతాయి. బల్బు బాగుందో లేదో తెలియడానికి. ఆ బల్బు కూడా వెలిగేది. ఆయన తల ఊపి కాగితం మీద రాసుకున్నాడు. ఒక్క క్షణం, అబద్ధమాడకుండా బయటపడ్డానని నాకు నా తెలివి మీద ముచ్చటేసింది. మీకు చెప్పదలుచుకున్నది ఇదే. పెద్ద పాపం చేస్తున్నప్పుడు గుండె దడదడలాడుతుందనుకుంటారు. నాకు అలాంటిదేమీ కాలేదు. హాయిగా అనిపించింది.

"జాబ్‌కార్డు మీద డ్రైవరు సంతకం లేదేంది?" అని మా ఆఫీసరు అడిగాడు.

"తొందరలో పెట్టకుండానే బండి తీసుకుపోయినాడు సార్."

ఇదీ నిజమే.

మేడం, ఆ అబ్బాయి వాంతులవుతున్న అమ్మాయిని చూసుకుంటూ, మోగిందో లేదో గమనించలేదని చెప్పారట. డ్రైవరు నిర్లక్ష్యం అని తేల్చారు. ఆయన అనారోగ్యం చూసి ఉద్యోగం తీసేయకుండా, మానవతా దృక్పథంతో అటెండరుగా మార్చారు. మేడం పట్టుబట్టి తన డిపార్టుమెంటులోనే వేయించుకున్నారు. రాళ్ళ నమూనాలు పెట్టిన అద్దాల బీరువాలు తుడవడం పని. కొన్నాళ్ళకు ఒక నమూనా చేతిలోంచి జారి పగిలింది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత నుంచి ఆయన బీరువాలు తెరవడం మానేసి, పైన అద్దాలే తుడిచేవాడు. బండిని కండెం చేశారు. ఆ కాగితం మీద సంతకం నాదే. అదే కమిటీ రిపోర్టులో షెడ్డు పనితీరు బాగుందని ఒక వాక్యం ఉంది. మరుసటి ఏడు నన్ను ఫోర్‌మన్‌ను చేశారు.

ఆ విచారణ తర్వాత ఆరేళ్ళు ఒకే క్యాంపస్‌లో తిరిగాం. ఆయన బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళేవాడు, కాళ్ళు కాస్త ఎడంగా వేస్తూ. షెడ్డు దగ్గరకొచ్చేసరికి తల తిప్పేసుకునేవాడు. లోపల బండ్లు కనపడతాయని. నన్ను చూస్తే మాత్రం ఆగి, "మంచిగున్నవా అన్నా" అనేవాడు. రోజూ ఇవాళ చెబుదామనుకునేవాణ్ణి. అలా అనుకోవడం కూడా ఒక పనిలాగా, దినచర్యలో కలిసిపోయింది.

నా రిటైర్మెంటు సభ షెడ్డులోనే పెట్టారు. చివరలో ఎవరైనా మాట్లాడతారా అంటే ఆయన లేచి వచ్చాడు. మైకు పట్టుకుంటే చెయ్యి వణికి మైకు గరగరలాడింది. పక్కవాడు పట్టుకున్నాడు.

"అన్న పానం పెట్టి సూసుకున్న బండిని నేను ఖరాబు చేసిన. ఇంకొకడైతే నా మొఖం సూడకపోవు. గీ అన్న ఒక్కనాడు, ఒక్క మాట అనలే నన్ను," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు దండ వేయబోతే అది నా చెవికి తగులుకుంది. నేనే తల వంచి వేసుకున్నాను.

దాని తర్వాత కూడా రెండేళ్ళు పట్టింది నాకు. పోయినేడాది ఒక మధ్యాహ్నం మౌలాలి వెళ్ళాను. అప్పటికి ఆయన కూడా రిటైరయ్యాడు. రిజిస్ట్రారు గారికి జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, ఆ కవరు జేబులో పెట్టుకున్నాను. ముందు ఆయనకు చెప్పి, ఒప్పించి, ఇద్దరం కలిసి వెళ్ళి ఇద్దామనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భార్య మూత ఉన్న ప్లాస్టిక్ గ్లాసులో ఆయనకు టీ ఇచ్చింది, నాకు కప్పులో. నేను టీ ముట్టుకోకుండా మొత్తం చెప్పాను. రెండు వైర్లు, టేపు, సెలూన్‌లో ఫోను, భోజనాల వేళ బానెట్ ఎత్తడం, తాళం తిప్పితే లైట్లు వెలుగుతాయన్న మాట. ఏదీ దాచలేదు.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఏందన్నా ఇది. నా మీద జాలిపడి గింత దూరమొచ్చి, తప్పు నీ మీద ఏసుకుంటున్నవా?"

"జాలి కాదప్పా. జరిగిందే చెప్తున్నా."

"నాకు తెల్వదా నీ సంగతి? ఇంజనీరింగ్ సారు సొంతంగ జూసి రాసిండు, లైటు మంచిగనే ఉండెనని. నువ్వే గద చెప్పినవ్ కమిటీల. నువ్వు కమిటీ ముంగట అబద్ధం చెప్పే మనిషివా? ఇరవై ఏండ్లు నీతోని పనిజేసిన. గదొక్కటి నువ్వు చెయ్యవు."

కవరు తీసి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "లోపల పెట్టుకో అన్నా. ఈ వయసుల నీకు చెడ్డపేరు ఎందుకు, అది కూడ నా కోసం. నువ్వు చాన మంచోనివి," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకు. నాకు రాలేదు. ఎంత గట్టిగా చెబితే ఆయన దృష్టిలో నేనంత గొప్పవాణ్ణి అయిపోతున్నాను.

మళ్ళీ వస్తానని లేచాను. ఆయన భార్య గేటు దాకా వచ్చింది. గేటు వేస్తూ, లోపలికి వినపడకుండా అడిగింది.

"నిజమేనా?"

"నిజమేనమ్మా."

ఆమె గేటు గడియ పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేనప్పుడే అనుకున్న," అంది. "లైటు ఎలిగితే సూడకుంట పోయే మనిషేనా ఆయన? గాని ఆయననే నేను జూడలే, నేను జూడలే అని మొత్తుకుంటుంటే, నేనెవరితోని చెప్పాలె?"

"నేను ఆఫీసులో కాగితం ఇస్తానమ్మా. ఆయన మీద రాసింది తీసేయిస్తా."

"వద్దు. ఇనుర్రి. మూడేండ్లు నిద్రపోలే ఆయన. తర్వాత ఆ పిల్లలిద్దరికి ఫోను జేసిండు. ఆళ్ళు యాడనో ఉద్యోగాలు జేస్తున్నరు. మాఫీ అడిగిండు. ఆ పొల్ల ఏడ్చి, మా పానాలు కాపాడింది నువ్వే, నీ మీద మాకు కోపం లేదు అన్నది. గా దినం నుంచి పంటున్నడు. గా మాఫీ ఒక్కటే ఉన్నది ఆయనకు. మీరు అది గుంజుకోకుర్రి. తప్పే చెయ్యలేదని ఇప్పుడు ఎరికైతే, ఇన్నేండ్లు ఎందుకేడ్చిన అని అడుగుతడు. నేనేం చెప్పాలె?"

కవరున్న జేబు మీదికి నా చెయ్యి పోయింది.

"మీ మనసుల బరువు దించుకోనీకి వచ్చిన్రు. ఈడ దించకుర్రి," అని గేటు వేసింది.

బస్సు కోసం ఆగలేదు. మౌలాలి నుంచి తార్నాక దాకా నడిచాను. ఆ కవరు ఆఫీసులో ఇవ్వలేదు. చింపనూ లేదు. ఇవ్వాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇస్తే ఆయన పేరు బాగుపడుతుంది, ఆయనకు నిద్ర దూరమవుతుంది. ఇవ్వకపోతే నా పేరు నిలబడుతుంది, అందులో ఆమె మాట కూడా నాకు సాకుగా దొరికింది. ఏది ఆమె కోసం చేస్తున్నానో, ఏది నా కోసం చేస్తున్నానో విడదీయడం నా చేతకావడం లేదు. చెప్పాల్సిన రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు దాటితే నిజం కూడా హాని చేస్తుంది. ఇది నేను నేర్చుకున్నది కాదు, ఇంకొకరు నా వల్ల అనుభవించినది.

అందుకే ఇందులో ఎవరి పేరూ రాయలేదు. షెడ్డులో పాతవాళ్ళు ఇది చదివితే ఎవరో తెలిసిపోతుంది. తెలిసినా ఆయనకు చెప్పొద్దు. నన్ను మాత్రం ఏమైనా అనండి.

ఆయన నెలకోసారి ఫోన్ చేస్తాడు. నంబరు తనే నొక్కలేడు, భార్య నొక్కి ఇస్తుంది. మొన్న కూడా చేశాడు.

"అన్నా, మల్ల వస్తనంటివి, రాకపోతివి. ఏడాదాయె. ఆ దినం నువ్వు చెప్పింది ఇనకుంట నవ్విన్నని కోపమొచ్చిందా? ఏమన్న తప్పు జేసిన్నా నేను?"

"లేదప్పా," అన్నాను. "నువ్వేం చేయలేదు."